తనకు మాలిన ధర్మమా?



దస్వంధ్ మాట ఎత్తినప్పుడల్లా మన ఇళ్లలో ఒక ప్రశ్న వస్తుంది. "మన సిక్లిగర్ పిల్లల ఫీజులే కట్టలేకపోతున్నాం. ముందు మనవాళ్లను చూసుకోవద్దా? తనకు మాలిన ధర్మం ఎందుకు?" ఇది స్వార్థంతో అన్న మాట కాదు. రోజంతా కొలిమి ముందు కూర్చుంటే గానీ రాని డబ్బు గురించి అడిగిన మాట. దానికి న్యాయంగానే జవాబు చెప్పుకోవాలి.

ఇదే ప్రశ్న కలకత్తాలో ఒక చిన్న సమాజానికీ ఎదురైంది. వాళ్లు యూదులు. మన బడా సిక్ఖ్ సంగత్ గురుద్వారా ఉన్న బడాబజార్ ప్రాంతంలోనే వాళ్ల పాత ప్రార్థనాలయాలూ ఉన్నాయి. 1798లో అలెప్పో నుంచి షాలోమ్ కోహెన్ అనే వ్యాపారి వచ్చాడు. తరువాత బాగ్దాద్ నుంచి చాలా కుటుంబాలు వచ్చాయి. వారిలో ఎజ్రా కుటుంబం వంటి ధనవంతులూ ఉన్నారు, పూట గడవనివాళ్లూ ఉన్నారు.

వాళ్ల ధర్మంలో కూడా సంపాదనలో పదోవంతు తీసే ఆచారం ఉంది. దానానికి వాళ్లు వాడే 'సెదాకా' అనే మాట 'న్యాయం' అనే మాట నుంచే పుట్టింది. అంటే పేదవాడికి ఇచ్చేది దయ కాదు, బాకీ. ఆ బాకీని ముందు తమవాళ్లకే తీర్చారు. 1881లో తమ ఆడపిల్లలకు బడి పెట్టారు. పేద పిల్లలకు ఎలియాస్ మేయర్ పేరుతో ఉచిత పాఠశాల నడిపారు. 1942లో జపాన్ సైన్యానికి భయపడి బర్మా నుంచి వచ్చిన యూదులను ఆదుకున్నారు.

స్వాతంత్ర్యం తరువాత వాళ్లలో చాలామంది విదేశాలకు వెళ్లిపోయారు. ఒకప్పుడు వేలల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు పదుల్లో మిగిలారు. తమ పిల్లలే లేనప్పుడు బడి మూసేసినా ఎవరూ తప్పు పట్టరు. వాళ్లు మూయలేదు. పార్క్ స్ట్రీట్‌లోని ఆ బడిలో ఇప్పుడు చదివేది ఎక్కువగా ముస్లిం అమ్మాయిలు. ఆ ప్రార్థనాలయాలను కనిపెట్టుకుని ఉన్నవాళ్లు కూడా ముస్లింలే.

'ముందు మనవాళ్లు' అనడం తప్పు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. 'మనవాళ్లే' అన్నప్పుడే తప్పు మొదలవుతుంది. ఆనంద్‌పూర్ యుద్ధంలో భాయీ కన్హయ్యా గాయపడ్డ సిక్కులకూ నీళ్లిచ్చారు, శత్రువులకూ ఇచ్చారు. ఫిర్యాదు విన్న దశమ గురువు ఆయనను కోప్పడలేదు, గాయాలకు మందు కూడా చేతికిచ్చారు.

ఒక్కసారి ఆలోచిద్దాం. మన పిల్లల చదువుకు సాయం పంపే పంజాబు, ఢిల్లీ సంగత్‌లలో చాలామంది సిక్లిగర్లు కారు. వాళ్ల ఇళ్లలోనూ అవసరాలు ఉన్నాయి. వాళ్లు కూడా 'మనవాళ్లే' అనుకుని ఉంటే మన పిల్లల చేతిలో పుస్తకం ఉండేదా?

ఈ నెల దస్వంధ్ తీసినప్పుడు ముందు మన బస్తీ పిల్లలను చూద్దాం. అందులోంచే పది రూపాయలైనా పక్క వీధిలో ఆకలితో ఉన్నవారికి పెడదాం. వారి కులం, మతం అడగవద్దు. రోజూ అర్దాస్‌లో మనం కోరేది సర్బత్ దా భలా, అందరి మేలు.