మరి వాళ్ళకెంత మిగులుద్ది?

అమెరికాలో దిగిన తెలుగువాళ్ళందరికీ మొదట పట్టుకునే అలవాటు గుణకారం. కొత్తిమీర కట్ట డాలరన్నర అంటే నూట ముప్ఫై రూపాయలా అని లెక్క వేసుకుని కట్టను మళ్ళీ బుట్టలో పెట్టేస్తాం. తొంభైల్లో ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు ముప్ఫై అయిదుతో హెచ్చవేసేవాళ్ళు. ఇప్పుడు ఆగస్టులో చదువుకి దిగుతున్న పిల్లలు ఎనభై దాటిన అంకెతో హెచ్చవేస్తున్నారు. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్ళకీ, బ్యాంకు అప్పు తీర్చాల్సినవాళ్ళకీ ఆ లెక్క తప్పదు. పొదుపు మన పెద్దలు మనకిచ్చిన ఆస్తి, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడక్కర్లేదు.

కానీ ఆ లెక్క సగమే చెబుతుంది. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో దేశదేశాల ధరలు పోల్చే కార్యక్రమం ఒకటుంది. దాని ప్రకారం 2017లో ఒక డాలరు మారకం విలువ 65.12 రూపాయలు. అదే డాలరు ఇక్కడ కొనే సరుకులూ సేవలూ మన దేశంలో కొనడానికి మాత్రం 20.65 రూపాయలు చాలు. ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? టీవీ, లాప్‌టాప్ ఓడెక్కి ఎక్కడికైనా వెళతాయి కాబట్టి వాటి ధరలు రెండు చోట్లా దగ్గరదగ్గరగానే ఉంటాయి. మనిషి చేసే పని ఓడెక్కదు. అందుకే ఇక్కడ వస్తువు చవక, మనిషి చెయ్యి పడ్డ ప్రతిదీ ఖరీదు. క్షవరం, కుళాయి మరమ్మతు, పిల్లల్ని చూసుకోవడం, ఏదైనా అంతే.

తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్నగారు వచ్చిన వేసవిలో ఆయన్ని క్షవరానికి తీసుకెళ్ళాను. టిప్పుతో కలిపి పాతిక డాలర్లు ఇచ్చాను. కారెక్కాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రూపాయల్లో ఎంతయిందో అడుగుతారనుకున్నాను.

"ఆ కొట్టు అద్దె, కరెంటు పోనూ ఆ అమ్మాయికెంత మిగులుద్దిరా?" అన్నారు.

జీవితమంతా వరి పండించి, కళ్ళంలో కాటా ముందు నిలబడిన మనిషికి ముందు తోచే ప్రశ్న అదే. పరాయి దేశంలో కొట్లకీ ధరలకీ అలవాటు పడటమంటే ఈ ప్రశ్న అడగడం నేర్చుకోవడమేనని నేను గట్టిగా నమ్ముతాను. మిగతావన్నీ నాలుగు వారాల్లో వాటంతటవే వచ్చేస్తాయి. పౌనంటే 454 గ్రాములని, గ్యాలన్ 3.8 లీటర్లకి కొంచెం తక్కువని చేతికే తెలిసిపోతుంది. మన దగ్గర పొట్లం మీద పన్నులన్నీ కలిపి ఎమ్మార్పీ వేస్తారు, అంతకు మించి పైసా అడగకూడదు. ఇక్కడ అలాంటి అచ్చు ఉండదు, ఒకే షాంపూ వీధికో ధర. అరలో 9.99 అని ఉన్నది మా డాలస్‌లో బిల్లు దగ్గరికి వచ్చేసరికి 8.25 శాతం పన్నుతో 10.81 అవుతుంది. బియ్యానికీ పప్పుకీ కూరగాయలకీ టెక్సస్‌లో ఆ పన్ను లేదు, కూల్‌డ్రింకుకి ఉంది. ధర చీటీ మూలన చిన్న అక్షరాల్లో ఔన్సుకి ఎంతో రాసి ఉంటుంది. డబ్బా సైజు చూడకుండా ఆ అంకె చూసి కొనుక్కోవాలి. ఇంతే.

టిప్పు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మనవాళ్ళు ఇరవై మంది పుట్టినరోజు పేరుతో హోటల్‌కి వెళ్ళి, మూడు గంటలు కూర్చుని, నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోయించుకుని, చివర్లో "తిండికి డబ్బులిచ్చాం కదా, ఇంకా దేనికి?" అనుకోవడం చూస్తున్నాం. టిప్పు తీసుకునే ఉద్యోగులకి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీస కూలి, ఫెడరల్ చట్టం ప్రకారం, గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టిప్పులతో కలిపినా 7.25కి చేరకపోతే మిగతాది యజమాని భర్తీ చెయ్యాలి. చాలా రాష్ట్రాల్లో ఇంతకన్నా మంచి చట్టాలున్నాయి, టెక్సస్‌లో లేవు. కాబట్టి మన బల్ల దగ్గర మూడు గంటలు తిరిగిన అమ్మాయి ఆ రాత్రి జీతంలో ఎక్కువ భాగం మనమే ఇవ్వాలి. పదిహేను, ఇరవై శాతం ఆవిడ కూలి. దాన్ని దానం అనుకుని చెయ్యి వెనక్కి తీసుకోవడం పద్ధతి కాదు.

వాపసు ఇచ్చే సౌకర్యం సంగతీ అంతే. కొన్న వస్తువు నచ్చకపోతే కారణం కూడా అడక్కుండా డబ్బులు తిరిగిచ్చే కొట్లు ఇక్కడ చాలా ఉన్నాయి. మన ఊళ్ళో "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అన్న బోర్డు కింద పెరిగినవాళ్ళకి ఇది పెద్ద వింత. మన మాటని నమ్మి ఇచ్చే సౌకర్యం అది. అమ్మానాన్నలు వస్తున్నారని గాలి పరుపు కొని, వాళ్ళు విమానం ఎక్కగానే వెనక్కిచ్చేవాళ్ళున్నారు. బతుకమ్మ రోజున కట్టుకునే బట్టల ధర చీటీ లోపలికి మడిచి, మర్నాడు పొద్దున కౌంటర్లో పెట్టేవాళ్ళున్నారు. దాన్ని తెలివితేటలుగా చెప్పుకుని నవ్వుతుంటే పక్కనే పిల్లలు వింటున్నారు. ఆ పిల్లలకి ఆదివారం తెలుగు బడిలో సుమతీ శతకం నేర్పుతున్నదీ మనమే.

మన సొంత సరుకుల కొట్లలో నాన్నగారి ప్రశ్న ఇంకా దగ్గరికి వస్తుంది. బెండకాయలు చవకగా దొరికిన కొట్లో బస్తాలు మోస్తున్న కుర్రాడు ఎవరు? విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల దాకా పని చేసుకోవచ్చు, బయట అనుమతి లేకుండా చెయ్యకూడదు. క్యాంపస్‌లో పని దొరకని పిల్లలు కొందరు నెల అద్దె కోసం బయట చేతికి నగదు తీసుకుని పనిచేస్తున్నారు. కనీస కూలి కన్నా తక్కువ ఇచ్చినా నోరెత్తరు, ఎవరికైనా చెబితే వీసాకే ముప్పని భయం. వీసా ఏదైనా చేసిన పనికి కనీస వేతనం దక్కాలన్నదే చట్టం. ఆ మాట పిల్లలకి తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పరు. ఇది మన ఇంటి లోపలి సంగతి, అందుకే పైకి అనాలి.

ఇక బియ్యం. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో ధరలు పెరగకుండా ఉండటానికని చెప్పింది. ఆ వార్త వచ్చిన గంటల్లోనే డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా మనవాళ్ళు కార్లేసుకుని కొట్ల మీద పడ్డారు. సోనా మసూరి 20 పౌన్ల బస్తాలు ఒక్కొక్కరు అయిదేసి, పదేసి ఎత్తుకున్నారు. కొన్ని కొట్లు ఇంటికి ఒక్క బస్తానే అని కాగితం అతికించాయి, కొన్ని ధర రెట్టింపు దాకా పెంచాయి. చిన్నపిల్ల తల్లి ఒకావిడ, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఖాళీ అర ముందు నిలబడింది. ఆవిడ వెనకే నేనూ ఉన్నాను. ఆవిడ తిండికి బియ్యం లేకుండా చేసింది ఢిల్లీ ఉత్తర్వు కాదు, దాని ప్రభావం కొట్లోకి రావడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యాహ్నమే వచ్చిన మనవాళ్ళు చేసిన పని అది.

   ఇప్పుడు నాన్నగారి ప్రశ్నే ఆ సోనా మసూరి బస్తాకి వేసి చూద్దాం. 20 పౌన్లంటే 9 కిలోల బియ్యం. ధాన్యం ఆడిస్తే క్వింటాలుకి 67 కిలోలు వస్తాయని ప్రభుత్వ లెక్క, అంటే 9 కిలోలకి పదమూడున్నర కిలోల ధాన్యం కావాలి. 2023-24లో ఏ గ్రేడు ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,203 రూపాయలు. ఆ లెక్కన బస్తాలో రైతు వాటా మూడు వందల రూపాయలు, నాలుగు డాలర్లకి లోపే. సన్నరకానికి బయట మార్కెట్లో కాస్త ఎక్కువ పలికినా, మనం ఇక్కడ ఇరవై డాలర్ల బదులు నలభై ఇచ్చిన రోజున ఆ పెరిగిన ఇరవైలో ఒక్క సెంటు కూడా కళ్ళం దాకా వెళ్ళలేదు. ఎగుమతి ఆగితే రైతు ధాన్యానికి వచ్చే ధర కూడా పైకి లేవదు. నిషేధం 2024 సెప్టెంబరు 28 దాకా నడిచింది. గరాజుల్లో దాచిన బస్తాలు కొన్ని పురుగు పట్టి, చివరికి చెత్త బండి ఎక్కాయి.

మన తెలుగు సంఘం ఏటా ఆగస్టులో కొత్త విద్యార్థుల్ని విమానాశ్రయం నుంచి తీసుకొస్తుంది, ప్రెషర్ కుక్కర్లు ఇస్తుంది, భోజనం పెడుతుంది. ఈసారి దానికి ఒక శనివారం పొద్దుటిపూట కలుపుదామని నా మనవి. పిల్లల్ని ఒక పెద్ద కొట్టుకీ, ఒక మన కొట్టుకీ తీసుకెళ్దాం. ఔన్సు లెక్క చూపిద్దాం, రసీదు చదివిద్దాం. టిప్పు ఎవరికి ఎందుకో, వాపసు ఎప్పుడు న్యాయమో మాట్లాడుకుందాం. బయట పని ఎవరైనా ఇస్తామంటే ఏం జరుగుతుందో, ఇప్పటికే అందులో ఇరుక్కుని కూలి ఎగ్గొట్టించుకున్నవాళ్ళు ఎవరితో మాట్లాడాలో చెప్పడానికి మన సభ్యుల్లో వలస చట్టం తెలిసిన లాయర్లున్నారు, వాళ్ళని ఒక గంట రమ్మని అడుగుదాం. వ్యాను నేను నడుపుతాను. ఇంకో ఇద్దరు కావాలి.