గొంతు అదే, మజ్లిస్ మారింది



అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పెళ్ళిళ్ళ రోజులొస్తే బ్యాండుమేళం వారికి రాత్రీ పగలూ పనే. కొన్నిచోట్ల కూలితోపాటు సీసా కూడా చేతికొస్తుంది. తాగుడు మానాలనుకున్న కళాకారునికి అన్నం పెట్టే చోటే పరీక్షాస్థలం అవుతుంది.

పూర్వం కూఫాలో జాదాన్ అనే యువకుడుండేవాడు. చక్కని గొంతు, చేతిలో వాద్యం, చుట్టూ తాగే మిత్రులు. అటుగా వెళుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఆ పాట విని, ఈ గొంతు ఖుర్ఆన్ పారాయణానికి ఉపయోగపడితే ఎంత బాగుండేదో అన్నారని చరిత్రకారులు రాశారు. జాదాన్ ఏడుస్తూ ఆయన వెంట పరుగెత్తాడు. ఆయన అతణ్ణి కౌగిలించుకున్నారు. తర్వాత అతను హదీసు ఉల్లేఖకుడయ్యాడు. సహీహ్ ముస్లింలోనూ అతని ఉల్లేఖనాలున్నాయి. అల్లాహ్ అతని గొంతు తీసుకోలేదు, కూర్చునే మజ్లిస్‌ను మార్చాడు.

మన రాష్ట్రంలో 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టం సడలినా తౌబా సడలకూడదు.

అయితే ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ రావచ్చు. కనుక వైద్యుని పర్యవేక్షణలో మానాలి. చికిత్స చేయించుకోవడం ఈమాన్‌కు లోటు కాదు.

ఇక ఇంటి పెద్దలకు మేము చెప్పేది ఒక్కటే. తాగేవాడే కాదు, పోసేవాడూ మోసుకొచ్చేవాడూ శాపగ్రస్తులేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. కాబట్టి మేళగాళ్ళకు కూలి పూర్తిగా డబ్బుగానే ఇవ్వండి, కడుపునిండా అన్నం పెట్టండి. మానినవాడు మళ్ళీ జారితే ఎగతాళి చేయకండి, చేయి పట్టుకోండి.

అల్లాహ్ మనందరికీ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.