అభయం కూడా అమానతే

హిజ్రీ 4వ సంవత్సరం. రక్షణ హామీని నమ్మి ధర్మబోధకు వెళ్ళిన దాదాపు 70 మంది సహాబాలను బిఅరె మఊనా వద్ద ద్రోహంతో చంపేశారు. బతికి బయటపడిన హజ్రత్ అమ్ర్ బిన్ ఉమయ్యా (రజి), పగ తీర్చుకుంటున్నానని భావించి, తిరుగుదారిలో బనూ ఆమిర్ తెగవారిని ఇద్దరిని హతమార్చారు. వారికి దైవప్రవక్త (స) అభయమిచ్చి ఉన్నారని ఆయనకు తెలియదు. అంతటి దుఃఖంలోనూ దైవప్రవక్త (స) ఆ ఇద్దరికి రక్తపరిహారం చెల్లించారు.

అంటే, ఎదుటివారు మాట తప్పినంత మాత్రాన మనం ఇచ్చిన మాట రద్దయిపోదు.

నేటి యుద్ధభూముల్లో అన్నం, మందులు పంచేవారు ఆయుధం లేకుండా, ఇలాంటి హామీని నమ్మే అడుగుపెడతారు. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయాన్ని ఇస్లాం పేరు చెప్పుకునే ముఠా పేల్చివేసింది. 22 మంది మరణించారు. 2024 ఏప్రిల్ 1న గాజాలో ఆహారం చేరవేసి వస్తున్న వరల్డ్ సెంట్రల్ కిచెన్ సిబ్బంది ఏడుగురిని ఇజ్రాయెల్ సైన్యం చంపింది. వారి ప్రయాణం గురించి సైన్యానికి ముందే తెలియజేశారు.

రెండవ వార్తకు కన్నీరు కార్చి, మొదటిదానికి సాకులు వెతికితే అది న్యాయమవుతుందా? ఒక జాతిపై ఉన్న ద్వేషం కూడా మనల్ని న్యాయం నుంచి తప్పించరాదని దివ్యఖుర్ఆన్ (అల్ మాయిదా: 8) ఆదేశిస్తోంది.

“సేవ ముసుగులో గూఢచారులుంటే?” అని కొందరంటారు. అనుమానం నేరనిరూపణ కాదు. దుర్మార్గుడు తెచ్చిన వార్తను ముందు విచారించుకోమన్నదీ ఖుర్ఆన్ (అల్ హుజురాత్: 6) ఆజ్ఞే. ఒకరిద్దరిపై అనుమానంతో అందరినీ చంపితే, రేపు ఆ ఊరికి రొట్టె తెచ్చేవారే ఉండరు. ఆ శిక్ష పడేది పసిపిల్లలకు.

మన ఇళ్ళలో ఇలాంటి వార్త విన్నప్పుడు, చనిపోయినవారు ఎవరివారన్నది కాదు, ఏ పని మీద వెళ్ళారన్నది పిల్లలకు చెబుదాం. అల్లాహ్ మనల్ని న్యాయంపై నిలకడగా ఉంచుగాక! ఆమీన్.