అతిథి త్రాగిన నీరు

పరోపకారార్థమై ఇల్లు విడిచి దూరదేశమునకు పోయిన మనుష్యునికి అక్కడ సంతోషించుటకు హక్కు కలదా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని పరులను బాగుచేయవలెనను తలంపుతో వీధిలోనికి దిగిన ప్రతివాడును, అతడు మతబోధకుడు కానిండు, సంఘసంస్కర్త కానిండు, పల్లెకు పోయి చదువు చెప్పు పంతులు కానిండు, ఎప్పుడో యొకనాడు దీనికి తనలో తాను ఉత్తరము చెప్పుకొనవలసియే యుండును. తాను వచ్చినది ఇచ్చుటకు. మరి ఆ యూరి చల్లగాలియు, ఆ పిల్లల యాటయు, ఒక యిల్లాలు చేతికందించిన గ్లాసెడు మజ్జిగయు తనకు సుఖము గలిగించినప్పుడు, అది వ్రతలోపమా? లేక వ్రతఫలమా?

కఠినచిత్తులు దీనిని లోపమే యందురు. త్యాగమునకు బయలుదేరినవాడు సుఖమును లెక్కింపరాదని వారి వాదము. మృదుచిత్తులు నవ్వి, ఇంత చిన్న సుఖమునకు ఇంత విచారమేల, అనుభవించి మరచిపోవచ్చును గదా యందురు. ఈ రెండు సమాధానములును చాలవని నా యభిప్రాయము. ఏల చాలవో నేనెరిగిన యొక నిదర్శనము మూలమున చెప్పెదను.

అమెరికాలో 1830వ సంవత్సరమున జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవశాఖ యొకటి కలదు. లోకము దానిని మార్మను మతమనుచుండును. 2018 నుండి ఆ శాఖాధిపతులు ఆ పొట్టిపేరు మానుడని కోరి, ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’ అను నిండుపేరునే వాడుచున్నారు. వీరు మనకు నిన్న మొన్న వచ్చినవారు కారు. 1853లోనే వీరి బోధకుడగు రిచర్డ్ బాలంటైను చెన్నపట్టణమున దిగెను గాని ఆ యత్నము కొలదికాలములోనే ముగిసెను. తరువాత 1978లో, సమోవా దీవులలో ఉద్యోగము చేయుచు అక్కడ ఈ శాఖలో చేరిన ఎడ్విన్ ధర్మరాజును, ఆయన భార్య ఎల్సీయు హైదరాబాదునకు వచ్చి తమ బంధువులకు బోధింపగా, వారిలో ఇరువదిమందికి పైగా బాప్తిస్మము పొందిరి. భారతదేశమున ఈ శాఖవారి మొదటి ‘స్టేకు’, అనగా స్థానిక సంఘముల కూటమి, 2012లో హైదరాబాదుననే యేర్పడెను.

వీరి బోధకులు పండినవారు కారు. మీసములు సరిగా మొలవని పిల్లలు. 2012 నుండి యువకులు పదునెనిమిదవ యేటనే బయలుదేరవచ్చును. యువకులకు రెండేండ్లు, యువతులకు ఏడాదిన్నర గడువు. పోవలసిన దేశమును తాము కోరుకొనరాదు, పంపినచోటికి పోవలెను. ఒంటరిగా నడువరాదు, ఎల్లప్పుడును జతగాడు తోడుండవలెను. ప్రేమ వ్యవహారములు కూడవు. మద్యము, పొగాకు, కాఫీ, తేనీరు నిషిద్ధములు. ఖర్చులో చాలభాగము తామో తమ కుటుంబమో భరింపవలెను. ఉదయము చదువు, పిమ్మట గడపగడపకు తిరుగుట, ఆదివారము ఆరాధన. వారమునకొక దినము, సాధారణముగా సోమవారము, బట్టలుతుకుకొనుటకును, సరకులు తెచ్చుకొనుటకును, ఇంటికి ఉత్తరము వ్రాయుటకును వదలుదురు. 2019 ఫిబ్రవరి వరకు తల్లిదండ్రుల కంఠము వినుభాగ్యము వీరికి ఏటికి రెండు పర్యాయములే కలుగుచుండెను; ఆ మాసము మొదలు వారమునకొకసారి మాటాడుకొన అనుమతి వచ్చినది.

ఇట్టి జత యొకటి 2013 ప్రాంతమున వనస్థలిపురమున మా మేనత్తగారి యింటి యెదుట మేడమీద అద్దెకుండెను. ఒకడు అమెరికావాడు, రెండవవాడు తమిళుడు. వారి మతముతో నాకు పొత్తు లేదు, నేటికిని లేదు. అయినను వారి సోమవారములను చూచుట నాకొక వేడుకగా నుండెను. తెల్లచొక్కాలు తామే ఉతికి తీగెపై వరుసగా ఆరవేసి, ఆ తెలుపును తామే మెచ్చుకొనువారు. అమెరికా పిల్లవాడు కూరగాయల బండివానితో తెలుగున బేరమాడి, రెండు రూపాయలు తగ్గింపగలిగిన దినమున మెట్లు రెండేసి చొప్పున ఎక్కువాడు. సాయంకాలము వీధిపిల్లలతో క్రికెట్టాడి, తొలిబంతికే ఔటయి, ఆ యోటమికి పిల్లలకన్న బిగ్గరగా తానే నవ్వువాడు. చీకటిపడు వేళకు మేడమీద కూర్చుండి తల్లికి వ్రాసిన యుత్తరమును జతగానికి చదివి వినిపించువాడు. దీపావళినాడు వీధియంతయు వెలుగుచుండ వారిద్దరును పిట్టగోడనానుకొని మాటలేక చూచుచుండుట నాకింకను జ్ఞాపకమున్నది.

ఒక సాయంకాలము వారు మా యత్తగారి గడప తొక్కిరి. ఆమె నల్లగొండ జిల్లా మర్రిగూడలో పుట్టి పెరిగినది. మోకాళ్లు వంగి, నడుము బిగిసి, గోడ పట్టుకొని నడచు మనిషి. వారి బోధ ఆమెకు పట్టలేదు. కాని యింటికి వచ్చినవారిని ఊరక పంపుట ఆమె యెరుగదు. చాయ్ పెట్టి రెండు కప్పులు తెచ్చి ముందుంచెను. పిల్లలిద్దరును ముఖముఖములు చూచుకొనిరి. “అమ్మా, మేము చాయ్ తాగము. క్షమించండి. నీళ్లు చాలు” అని అమెరికావాడు తన వచ్చీరాని తెలుగున వేడుకొనెను. ఆమె ముఖము మొదట చిన్నబోయెను. పిమ్మట ఏమి తోచెనో, నవ్వెను.

“మా మర్రిగూడల చుట్టాలొస్తే చాయ్ తాగుతరు బిడ్డా, నీళ్లు మాత్రం ముట్టరు. నువ్వేమొ చాయ్ వద్దని నీళ్లడుగుతున్నవ్. తాగు, భయం లేదు. ఇవి కృష్ణ నీళ్లు. మా ఊరి పక్కపొంటనే పైపులల్ల వస్తయ్.”

పిల్లవానికి మాటలన్నియు అర్థము కాలేదు. జతగాడు ఆంగ్లమున వివరించెను. అతడు నీరు త్రాగి, గ్లాసు క్రింద పెట్టక చేతనే పట్టుకొని, “మీ ఊరి నీళ్లకు ఏమైంది?” అని యడిగెను. నాటి బోధ అంతటితో ఆగిపోయెను. గంటసేపు ఆమె చెప్పెను, వారు వినిరి.

ఆమె చెప్పినది చదువరులలో కొందరెరిగియుందురు, కాని మరల చెప్పదగినది. ఆ ప్రాంతపు భూమి క్రింద నల్లరాయి యున్నది. దానియందలి ఫ్లోరైడు భూజలమున కరగును. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి నియమము. దానిని మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో మొదట పండ్లు గారపట్టును, పిమ్మట ఎముకలు బిగియును, పెరుగు వయసు పిల్లలకు కాళ్లు వంకరపోవును. ఒకసారి వంగిన యెముకను తిరిగి చక్కజేయు మందు లేదు. మర్రిగూడ మండలమందలి బట్లపల్లిలో ఈ రోగమును 1945లోనే గుర్తించిరి. 1970ల దశాబ్దమున నాగపూరునందలి పరిశోధనాలయమువారు పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును దించు విధానమును కనిపెట్టి దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరిడిరి. ఆ పేరు ఆఫ్రికా ఖండమువరకు ప్రాకినది. మందునకు ఊరి పేరు దక్కినది గాని ఊరికి మంచినీరు దక్కుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టెను. ఆ నడుమనే, 2004 ప్రాంతము మొదలుకొని, కృష్ణాజలము కోదండాపురమున శుద్ధియై, ఆ పొరుగు పల్లెల మీదుగానే గొట్టములలో సాగి భాగ్యనగరమునకు చేరుచుండెను. ఆనాడు ఆ పిల్లవాడు నిర్భయముగా త్రాగిన నీరదియే.

చుట్టముల చాయ్ విషయమున నింకొక చిత్రము కలదు. ఫ్లోరైడు కాచినంతమాత్రమున పోదు. నీరు మరిగి తగ్గినకొలది అది మరింత చిక్కనగును. తేయాకునందే ఫ్లోరైడు కొంత కలదు. కనుక నీళ్లు ముట్టక చాయ్ త్రాగిన చుట్టములు ఆ నీటినే, మరికొంత చేర్చుకొని, త్రాగుచుండిరి. వారు తప్పించుకొన్నది విషమును కాదు, విషమును గూర్చిన తలంపును మాత్రమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. దూరపు బోధకుని సంతోషములు ఎక్కడినుండి వచ్చుచున్నవి? అతడు తెచ్చుకొన్న పెట్టెలోనుండి కాదు. బేరమున తగ్గిన రెండు రూపాయలు బండివాని లాభములోనివి. క్రికెట్టు పిల్లలది, దీపములు వీధివి, నీళ్లు మా యత్తవి. ఇచ్చుటకు వచ్చితిననుకొన్నవాడు ఉదయము మొదలు రాత్రి వరకు పుచ్చుకొనుచునే యున్నాడు. కఠినచిత్తుడు సంతోషమును నిషేధించి ఈ సత్యమును కప్పిపుచ్చును; ఏమియు పుచ్చుకొనలేదన్న గర్వము అతనికి మిగులును. మృదుచిత్తుడు అనుభవించి మరచి అదే సత్యమును కప్పిపుచ్చును. అతనికి ఋణము జ్ఞాపకముండదు. సంతోషము దోషము కాదు. తనకు సంతోషమైన వస్తువు దానినిచ్చినవానికి ఏమి ఖరీదు పడినదో అడుగకపోవుట దోషము.

మన పూర్వులు దీనిని చక్కగా ఎరిగియుండిరి. మూడవ శతాబ్దమున నాగార్జునకొండ విహారములలో వసించిన సింహళాచార్యులు కాశ్మీర గాంధారములవంటి దూరదేశములందును ధర్మమును వ్యాపింపజేసినట్లు అక్కడి శాసనము చెప్పుచున్నది. కాని భిక్షువు ఎంత గొప్ప బోధకుడైనను, ఒకరు ఇయ్యనిదే మెతుకు ముట్టరాదన్నది వారి నియమము. తెల్లవారి పాత్ర పట్టుకొని వాకిట నిలువవలెను. ఆ పిమ్మట ధర్మము చెప్పవలెను. చేయి చాపిన పిమ్మట పలికిన మాటకును, పీఠమెక్కి పలికిన మాటకును భేదము కలదు గదా.

ఇందుకు ఒక ఆక్షేపము రావచ్చును. ప్రతి గ్లాసెడు నీటికిని ఖరీదు విచారించుచు కూర్చున్నచో సంతోషము చచ్చును. అదియును గాక, ఆతిథ్యమిచ్చువారు జాలిని కోరరు. గృహిణి గౌరవముతో ఇచ్చినదానిని దయతలచి నిరాకరించుట ఆమెను అవమానించుటయే యగును. ఈ రెండవ మాట ముమ్మాటికిని నిజము. ఆ చుట్టములు నీరు ముట్టక పోయినప్పుడెల్ల మా యత్తకు కలిగిన నొప్పి మోకాళ్ల నొప్పికి తీసిపోదు. కనుక అతిథి త్రాగవలెను. త్రాగి అడుగవలెను. త్రాగక జాలిపడువాడును, త్రాగి మాటాడక పోవువాడును ఆ యింటిని ఒక్కతీరుననే ఒంటరిగా విడిచిపోవుచున్నారు. ఇక మొదటి మాట. తెలిసికొన్నంతమాత్రమున సంతోషము చావదు. తల్లి వండిన యన్నము వెనుక ఆమె మేలుకొన్న రాత్రులున్నవని తెలిసినవానికి ఆ ముద్ద చేదగునా?

ఇదంతయు పరమతస్థుని మీద తీర్పు చెప్పుటకు వ్రాసినది కాదు. మనమీద మనము చెప్పుకొనుటకు వ్రాసినది. పట్టణములనుండి పల్లెలకు పోయి మద్యపానమును, బాల్యవివాహమును, మూఢనమ్మకములను గూర్చి ఉపన్యసించు మనమెంతమందిమి, ఆ యూరి బావి యెట్టిదని మొదట అడిగితిమి? శివన్నగూడెము అంశాల స్వామి ఆ నీటివలననే వికలాంగుడై, ఆ దేహముతోనే మంచినీటికై పోరాడి, 2023 జనవరిలో మరణించెను. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకముచే ఆ పల్లెలకు కృష్ణాజలము వచ్చుటను ఆయన చూచెను. ఆ మేలునకు కారణము బయటినుండి వచ్చి మాటాడినవారికన్న, లోపలినుండి మాటాడినవారే. బయటివాడు చేయగలిగిన మొదటి యుపకారము ఆ మాట వినుటయే.

మరుసటి సోమవారము ఆ పిల్లలు మా యత్తగారి యింటికి మరల వచ్చిరి. చేత పుస్తకములు లేవు. ఊరినుండి వచ్చిన రెండు బియ్యపు బస్తాలు వాకిట పడియుండగా లోపలికి మోసి, చెమటలు తుడుచుకొని, తామే నీళ్లడిగి త్రాగిరి. మా యత్త ఊరిసంగతి తన వారపు టుత్తరములో వ్రాసితినని అమెరికావాడు చెప్పెను. అతని తల్లి ప్రత్యుత్తరమున అందరి క్షేమమడిగి, కడపట ఒక ప్రశ్న వ్రాసెనట: ఆ యూరివారు ఇప్పుడు ఏ నీరు త్రాగుచున్నారు?

కొన్ని నెలలకు అతనిని వేరొక పట్టణమునకు మార్చిరి. ఆ యింట ఒక్కరును అతని మతమున చేరలేదు. అతని పేరును మా యత్త యేనాడో మరచినది. అయినను ఎవరైన గుమ్మమున నిలిచి నీళ్లడిగినప్పుడెల్ల, “ఆ నీళ్ల పిల్లగాడు ఏ దేశంల ఉన్నడో” అని యొకమారు అనుకొని, గ్లాసు నిండుగా ముంచి యిచ్చును.