అపొల్లో విద్యార్థియైన వేళ

(అపొ. కార్యములు 18:24–28)

జూన్ మాసము వచ్చినప్పుడు వేదాంత కళాశాలల ద్వారములు మరల తెరువబడును. చేతిసంచియు, చదివి చదివి నలిగిన బైబిలును పట్టుకొని యువతీయువకులు లోనికి ప్రవేశింతురు. వారిలో అనేకులు అంతకుముందే ఆదివారపు బడిలో బోధించినవారు, కాపరిలేని గ్రామసంఘములో ఆరాధన నడిపినవారు. పిలుపు ఉన్నది, వాక్యము తెలియును. ఇంక ఇన్ని యేండ్లు ఇచ్చట కూర్చుండుట ఎందుకు అను ప్రశ్న వారి మనస్సులలో మెదలుట సహజము. దానికి ప్రత్యుత్తరము అపొల్లో చరిత్రలో కలదు.

అపొల్లో అలెక్సంద్రియలో పుట్టిన యూదుడు. ఆ పట్టణము ఆ కాలపు విద్యకు నిలయము. హెబ్రీ లేఖనములు గ్రీకుభాషలోనికి తర్జుమా చేయబడనారంభించినదియు అచ్చటనే. అపొల్లోకు పాండిత్యము కలదు, వాక్చాతుర్యము కలదు, ఆత్మలో మంటయు కలదు. కొదువయైనది ఒక్కటే: యోహాను బాప్తిస్మమునకు మించినది అతడెరుగడు. ఎఫెసు సమాజమందిరములో అతడు ధైర్యముగా మాటలాడుచుండగా, డేరాలు కుట్టి జీవించు దంపతులు వినిరి. వారు నలుగురిలో అతనిని తప్పుపట్టలేదు. తమకేమి అని ఊరకుండనూలేదు. తమయొద్దకు చేర్చుకొని బోధించిరి. మిక్కిలి ప్రాచీనమైన ప్రతులలో ఇచ్చట ప్రిస్కిల్ల పేరే ముందు వ్రాయబడియున్నది. అలెక్సంద్రియ పండితుడు ఒక స్త్రీయొద్ద, ఒక చేతిపనివానియొద్ద శిష్యుడై కూర్చుండెను.

లూకా పదప్రయోగము గమనింపదగినది. అపొల్లో బోధను వర్ణించుటకు వాడిన మాటనే అతడు ఆ దంపతుల బోధకును వాడెను. గ్రీకు మూలములో మొదటిది 'సరిగా' అనియు, రెండవది 'మరింత సరిగా' అనియు అర్థమిచ్చును. అనగా అపొల్లో ఎరిగినది అబద్ధము కాదు, అసంపూర్ణము. వేదాంతవిద్య చేయు పనియు ఇదియే. అది పిలుపును ఇయ్యజాలదు, పిలుపు దేవునిది. విద్యార్థి ఇంటినుండి తెచ్చిన విశ్వాసమును పారవేయుమని అది చెప్పదు. 'సరిగా' నుండి 'మరింత సరిగా'కు నడిపించును.

అయితే ఈ నడక సులభమైనది కాదు. చిన్ననాట కంఠస్థము చేసిన వచనమునకు మూలభాషలో వేరొక ఛాయ కనబడును. ఒకే సంగతిని సువార్తికులు వేర్వేరు విధములుగా చెప్పుట కనబడును. కొందరికి కాలిక్రింది నేల కదలినట్లుండును; రాత్రి ప్రార్థన పెదవులయొద్దనే ఆగిపోవును. అప్పుడు రెండు తప్పుదారులు ఎదురగును. పరీక్షకు కావలసినది వల్లెవేసి హృదయమునకు తాళము వేసికొనుట ఒకటి. క్రొత్తగా నేర్చిన నాలుగు మాటలతో, ఇంటియొద్ద మోకాళ్లూను తల్లి విశ్వాసమును చిన్నచూపు చూచుట రెండవది. మొదటివాడు నేర్చుకొనుట మానును, రెండవవాడు మంటను ఆర్పుకొనును. అపొల్లో రెంటిలో దేనిని విడువలేదు. సందేహము కలిగినవాడు సిగ్గుపడనక్కరలేదు. దానిని దాచక పెద్దలయొద్దకు తీసికొనిపోవలెను. అట్టివానికి తమ యింటి తలుపు తెరచుట ఉపాధ్యాయుల విధి.

ఈ దేశపు వేదాంతవిద్యా చరిత్రయు ఇట్టి వినయమునకే సాక్ష్యము. 1818లో శ్రీరాంపూరు కళాశాలను స్థాపించిన ముగ్గురిలో ఒకడైన విలియం కేరీ, ఇంగ్లాండులో చెప్పులు కుట్టి జీవించినవాడు. 1812 మార్చి 11న మిషను ముద్రణాలయము తగులబడి, ఏండ్లతరబడి సిద్ధపరచిన వ్రాతప్రతులు అనేకము బూడిదయైనను, అతడు మరల ఆరంభించుటకు విసుగలేదు. అతని తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. 1964లో రాజమండ్రిలో ఆరంభమై, తరువాత హైదరాబాదునకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరను, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘముల విద్యార్థులు ఒక్కచోట చదువుకొనిరి. ఒక సంఘము సరిగా ఎరిగినదానిని మరింత సరిగా తెలిసికొనుటకు పొరుగు సంఘపు సహోదరుడు అవసరము.

ఇంతకు ఈ చదువు ఎవరికొరకు? అపొల్లో ఎఫెసులో నిలిచిపోలేదు. అకయకు వెళ్లి అచ్చటి విశ్వాసులకు ఎంతో తోడ్పడెను. కొరింథులో కొందరు అతని పేర పక్షము కట్టిరి గాని, పౌలు అతనిని నీళ్లు పోసిన పనివానిగానే ఎంచెను. పట్టము పొందువారికి ఆ పేరు చాలును. ప్రతి విద్యార్థి వెనుకను ఒక సంఘము కలదు. వంటకు ముందు పిడికెడు బియ్యము దేవుని పేర వేరుగా ఉంచు స్త్రీలు అందులో కలరు. వారు మార్కులు అడుగరు. బిడ్డను పోగొట్టుకొనిన ఇంటిలో, అప్పులపాలైన రైతు వాకిట, తిరిగివచ్చినవాడు ఏమి చెప్పునో అని ఎదురుచూచుచున్నారు. అచ్చట వల్లెవేసిన మాట నిలువదు, గర్వపు మాట ఓదార్చదు. కదలిపోయి, ప్రభువునందు మరల స్థిరపడినవాని మాటయే నిలుచును.

ఈ సంవత్సరము క్రొత్తగా ప్రవేశించు ప్రతి కుమారునికి, ప్రతి కుమార్తెకు వినగల చెవిని, ఆరని మంటను దేవుడు అనుగ్రహించును గాక. ఆమేన్.