చీకటిలో ఎఱ్ఱచేప

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 4:5



మన నల్లగొండ, పాలమూరు మెట్టసీమలో సముద్రమును చూచినవారు కొద్దిమందియే. మనమెరిగినవి చెరువులోని కొర్రమట్ట, బొచ్చె, రవ్వ. నేడు సముద్రపు చేపను గూర్చి కొంత ధ్యానింతము.

మన తెలుగువారు అనేకులు కాపురమున్న అండమాను దీవుల చుట్టును, లక్షద్వీపముల చుట్టును పగడపు దిబ్బలు కలవు. అక్కడి చేపలలో ఒక కుటుంబమునకు ఇంగ్లీషువారు ఉడుతచేపలనియు, సిపాయిచేపలనియు పేరు పెట్టిరి. వీటిలో ఎనుబదికి మించిన జాతులు కలవు. పెక్కింటి ఒడలు కుంకుమవలె ఎఱుపు. కన్నులు మిక్కిలి పెద్దవి. పగలెల్ల పగడపు గుహలలో దాగియుండి, ప్రొద్దు గ్రుంకగానే వెలుపలికి వచ్చి రొయ్యలను, చిన్న పీతలను వెదకి తినును. కొద్దిపాటి వెలుతురులోను చూచుటకే దేవుడు వాటికి అట్టి కన్నులనిచ్చెను.

ఇచ్చట ఒక వింత గలదు. సూర్యుని వెలుగులోని రంగులలో ఎఱుపును నీరు మొదట మ్రింగివేయును. ముప్పది అడుగుల లోతున ఎఱుపు చాలమట్టుకు మాయమగును. కాబట్టి ఆ లోతులో ఈ చేప మసిబూసినట్లు తోచును. శత్రువుల కంటబడకుండ అదియే దానికి మరుగు. అయితే నీట మునిగినవాడు టార్చిలైటు వేయగానే అది నిప్పుకణమువలె మెరయును. దీపము ఆ చేపకు రంగు పూయలేదు. ఉన్న రంగునే చూపెను.

ప్రియులారా, మన సంఘములలో ఇట్టివారు లేరా? ఆదివారము ప్రసంగవేళ కునుకు తీయు సహోదరుని చూచి, వీనికి భక్తి లేదందుము. రాత్రియంతయు పక్షవాతపు తల్లిని అటునిటు త్రిప్పి పండుకొనబెట్టిన చేతులవి అని ఎరుగము. పట్టణమునకు వలసపోయినవాడు పండుగకు రాలేదని సణుగుదుము. కట్టడమునొద్ద రాత్రి కాపలా కాయుచు, పిల్లల బడికి పైకము పంపుచున్నాడని ఎరుగము. 2018 జనవరి 1 నుండి మన రాష్ట్రములో పంపుసెట్లకు ఇరువదినాలుగు గంటల కరెంటు వచ్చినది. అంతకు పూర్వము రాత్రి వంతు కరెంటు కొరకు మేల్కొని, పాములు తేళ్ల నడుమ మడులకు నీరు కట్టిన రైతుల శ్రమను ఎవరు చూచిరి?

పౌలు కొరింథువారికి వ్రాసిన ఈ మాటను మనము భయముతో చదువుదుము. దాచిన పాపములు బయటపడునని వణకుదుము. అదియు నిజమే. కాని ఆ వచనము ఎట్లు ముగియుచున్నదో చూడుడి. ప్రభువు వెలుగు తెచ్చు దినమున దేవుని యొద్ద మెప్పు దొరకునని ముగియుచున్నది. చీకటిలో దాగినవి పాపములు మాత్రమే కావు. ఎవరును చూడని ప్రేమయు అచ్చటనే దాగియున్నది.

కావున ఎవరిని గూర్చియైనను చెడుగా మాటలాడకమునుపు, ఈ వారము ఒక రాత్రి దీపము పట్టుకొని వారి యింటికి పోయి, క్షేమమడుగుడి. రాత్రి శ్రమపడువారలారా, మీరు ధైర్యము తెచ్చుకొనుడి. మీ రంగును ఇచ్చినవాడు దానిని ఎరుగును. ఆమేన్.