సమాధుల దొడ్డికి దారి

ఈస్టరు ముందు శనివారం మా గూడెం ఆడాళ్ళంతా సమాధుల దొడ్డికి పోతారు. పిచ్చిచెట్లు పీకి, సమాధులకి సున్నం కొడతారు. సిమెంటు సమాధి కట్టే స్తోమత లేనోళ్ళు మట్టిదిబ్బనే అలుకుతారు. తెల్లారుజామున కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని అందరం అక్కడ చేరతాం. పాడతాం, ఏడుస్తాం. వెలుతురొచ్చాక అక్కడే టీ తాగుతాం. మొగుడి సమాధి మీద తల పెట్టి ఏడ్చిన మనిషే కాసేపటికి పక్కావిడ మాటకి పగలబడి నవ్వుద్ది.

ఒక ఏడాది విద్యార్థి సంఘంలో పనిచేసే తమ్ముడొకడు నాతో వచ్చాడు. అంతా చూసి, తిరిగొచ్చేటప్పుడు అడిగాడు: "అన్నా, చచ్చిపోయినోళ్ళు లేస్తారన్న ఆశతోనే గదా మనోళ్ళు బతికినోళ్ళ కోసం కొట్లాడకుండా కూచుంది?" అప్పుడు నాకు జవాబు దొరకలా. అది నేను అతనికి బాకీ.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. క్రైస్తవులైన అంటరానివాళ్ళ గురించి రాస్తూ, సాంఘిక అన్యాయం మీద వాళ్ళు ఉద్యమించడం లేదని అంబేద్కర్ తప్పుపట్టాడు. అది అబద్ధం కాదు. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి ఉన్న ఊళ్ళు నాకు తెలుసు. కూలి రేట్ల మీద ఒక్క మాట లేకుండా పరలోకం మీద గంటసేపు చెప్పే ప్రసంగాలు విన్నాను. అట్లాంటి ఆశ ఆసామి చేలో కావలికి పనికొచ్చుద్ది గానీ మనకు కాదు.

అయితే మా ముత్తాతలు పట్టుకున్న ఆశ అదేనా? 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి చూపించాడు. సాయం అందించినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని. సాయం ఆగాక జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. తిండి కోసం మారారని ఎగతాళి చేసేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. కరువులో అయినవాళ్ళని పూడ్చిపెట్టిన జనమే ఏట్లో దిగింది. చావునీ చూశారు, కొత్త బతుకునీ చూశారు. ఒకటి నిజం కాబట్టి రెండోది అబద్ధం అనుకోలా.

మా అమ్మ మిరపకోతలకీ, పొగాకు గ్రేడింగుకీ పోయి నన్ను చదివించింది. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు. డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చిందని చెప్పినరోజు అమ్మ "దేవుడున్నాడయ్యా" అంది. పొయ్యి రాజని రోజుల్లోనూ అదే మాట. చిన్నప్పుడు నాకు కోపం వచ్చేది. ఉంటే గంజెందుకు లేదని.

మొదటి జీతం అందుకున్న నెల్లోనే అమ్మ పోయింది. ఆ జీతంతో కొన్న చీర ఇంకా మడత విప్పలా. అదే కప్పి మోశాం.

సమాధుల దొడ్డికి పోయే బాటకి అడ్డంగా పక్కచేను ఆసామి కంప వేశాడు. పెట్టెని చుట్టూ తిప్పి, నడుముల్లోతు కాలవ నీళ్ళలో దిగి మోశాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సడలించారు, మాకు సడలించలా. కాగితం మీద మేం బీసీ-సీ. కంప వేసిన ఆసామికి మాత్రం మాదిగలమే.

గుంట దగ్గర పాస్టరయ్య "అమ్మ మంచి చోటికి పోయింది, దుఃఖపడొద్దు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మంచి చోటికి పోయే మనిషికి మామూలు దారెందుకు లేదు? మా పెద్దమ్మ నా భుజం పట్టుకుంది. "ఏడవ్వయ్యా. ఏడిస్తే దేవుణ్ణి నమ్మనట్టు కాదు. ఆ కంప సంగతి రేపు చూద్దాం" అంది.

రేపంటే పరలోకంలో కాదు. మర్నాడు పొద్దున్నే, కూటానికొచ్చే ఆడాళ్ళంతా కూలి మానుకుని, బైబిలు సంచులతో తాసిల్దారు ఆఫీసు ముందు కూచున్నారు. అర్జీ నేను రాశాను. నా చదువు మా గూడేనికి మొదట పనికొచ్చింది దానికే. ఆ రోజు తిప్పి పంపారు. మళ్ళీ పోయారు. రెండేళ్ళు తిరిగాక సర్వేయరొచ్చి బాట కొలిచి రాళ్ళు పాతాడు. అమ్మకి ఆ దారి అందలా. ఆ దారిలో మేం మొదట మోసింది మా పెద్దమ్మనే. పెట్టె భుజాన పెట్టుకుని కాలు తడవకుండా నడుస్తుంటే ఏడుపొచ్చింది. అందులో దుఃఖమెంతో సంతోషమెంతో ఇప్పటికీ విడదీయలేను.

అమ్మ మాట నాకప్పుడు అర్థమైంది. "దేవుడున్నాడు" అంటే అంతా బాగుందని కాదు, ఇదే ఆఖరు కాదని. సువార్తలో లేచొచ్చిన యేసు ఒంటిమీద మేకుల గాయాలు అట్లాగే ఉన్నాయి. నమ్మని తోమాకి వాటినే చూపించాడు. గాయాలు మాసిపోయుంటే చంపినోళ్ళకి ఎంత సుఖం! మరిచిపొమ్మనేది క్రైస్తవ ఆశ కాదు.

చుండూరులో 1991 ఆగస్టు 6న హతమైన దళితుల్ని దళితవాడ మధ్యలోనే పూడ్చారు. ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు. 2007లో ప్రత్యేక కోర్టు నిందితుల్లో కొంతమందికి శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అక్కడికి పోయి అంతా దేవుడి చిత్తమనే నోరు నాకు లేదు. అంటే పాపం. ఆ సమాధుల పక్కనే జనం పిల్లల్ని కంటున్నారు, పెళ్ళిళ్ళు చేస్తున్నారు, న్యాయం అడుగుతూనే ఉన్నారు. ఆశ అంటే నేను చూపించగలిగింది అదే.

తమ్ముడూ, ఆశ పేరు చెప్పి నిన్ను కూచోమన్నవాణ్ణి అనుమానించు. అది చర్చిలో చెప్పినా, మీటింగులో చెప్పినా. లేచి నడిపించేదాన్ని మాత్రం నల్లమందని పారెయ్యమాక. నాకూ అన్ని రాత్రులూ నమ్మకం ఉండదు. అట్లాంటప్పుడు మా పెద్దమ్మ నమ్మకం అరువు తెచ్చుకుంటాను.

పోయిన ఈస్టరుకి మా పాప కొవ్వొత్తి పట్టుకుని నా ముందు నడిచింది. "ఈ దారి ఎప్పట్నుంచి ఉంది నాన్నా?" అనడిగింది. మీ నాయనమ్మ పోయాక వచ్చిందమ్మా అని మొదలుపెట్టాను. సమాధి దగ్గరకి చేరేలోపు సగమే చెప్పగలిగాను.